పరమతము నాదరించిన ప్రియదర్శి

పలాసనుండి తూర్పుగా నడచినచో ఉద్దానపు తోటలు మొదలగును. కొబ్బరి, పనస, జీడిమామిడి చెట్ల నీడలలో ఇసుకదారులు సముద్రమువరకు సాగిపోవును. పడమటివైపు తలయెత్తి చూచినచో మహేంద్రగిరి నీలముగా కానవచ్చును. ఆ కొండలలో పుట్టిన మహేంద్రతనయ సోంపేట సీమ మీదుగా ప్రవహించి బారువకడ కడలిలో కలియుచున్నది. దక్షిణమున టెక్కలి, దానికి చేరువనే నౌపడ ఉప్పుమళ్ళు, తేలినీలాపురపు చెట్లు. కొండకును కడలికిని నడుమ పట్టెవలె పరచుకొన్న ఈ నేల ప్రాచీన కళింగమునందలి భాగము. జీడిమామిడి పోర్చుగీసువారు పరదేశమునుండి తెచ్చిన చెట్టు. రెండువేల మూడువందల యేండ్లనాడు అది యిచట లేదు. కాని ఆ కొండ అదియే, ఆ కడలి అదియే. అట్టి కళింగముపై దండెత్తి, గెలిచి, గెలిచినందులకు జీవితాంతము చింతించిన చక్రవర్తి అశోకుడు.

బాలురకు అశోకుడనగా రాజ్యము విస్తరించిన రాజుగా, చెట్లు నాటించిన రాజుగా తెలియును. ఆతనికి అంతకంటె గొప్ప ఘనత యొకటి కలదు. తనదికాని మతమును తన మతమువలె గౌరవించుటను రాజధర్మముగా నెంచి, ఆ మాటను శిలలపై చెక్కించిన ప్రభువులలో ఆతడు ప్రథముడు. ఆ గుణము ఆతనికి పుట్టుకతో వచ్చినది కాదు. పశ్చాత్తాపమునుండి వచ్చినది, అభ్యాసమువలన నిలిచినది.

అశోకుడు మౌర్య చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కుమారుడు. జైన సంప్రదాయము ప్రకారము చంద్రగుప్తుడు రాజ్యము విడిచి, శ్రావణబెళగొళకు వచ్చి, నిరాహార దీక్షతో దేహము చాలించెను. బిందుసారుని కొలువులో ఆజీవక సన్న్యాసికి ఆదరము లభించినట్లు బౌద్ధకథలు చెప్పుచున్నవి. ఆజీవకులు మక్ఖలి గోశాలుని అనుయాయులు. జగత్తున సర్వమును నియతిచేతనే జరుగునని, మానవ ప్రయత్నమున కందు తావు లేదని వారి సిద్ధాంతము. ఈ కథలను నమ్మినచో, తాత జైనమును, తండ్రి ఆజీవకమును ఆదరించిరి, మనుమడు బౌద్ధుడయ్యెను. ఒక్క రాజగృహమున మూడు తరములలో మూడు మార్గములు! పరమతస్థులు ఆతనికి ఎచటనో దూరదేశమున నుండువారు కారు; తన పెద్దలే.

ఆతని యౌవనమునుగూర్చి మనకు తెలిసినదంతయు కథలవలననే. ఉజ్జయినియందు తండ్రి ప్రతినిధిగా పాలించెననియు, తక్షశిలలో చెలరేగిన తిరుగుబాటును అణచెననియు, విదిశానగరపు శ్రేష్ఠికన్యయగు దేవిని వరించెననియు, ఆమెయందు మహేంద్రుడు, సంఘమిత్ర జన్మించిరనియు ఆ కథలు తెలుపును. సింహళ గ్రంథములు మరికొంత ముందునకు పోయి, సింహాసనముకొరకు ఆతడు తొంబది తొమ్మిదిమంది సోదరులను చంపించెనని చెప్పినవి. కాని అశోకుని యైదవ శిలాశాసనమునందు సోదరుల యొక్కయు, అక్కచెల్లెండ్ర యొక్కయు గృహముల ప్రసక్తి కలదు. సోదరులందరు హతులైనచో వారి గృహముల సంరక్షణకు అధికారులను నియమింపనేల? బౌద్ధధర్మము స్వీకరించిన పిదప కలిగిన వెలుగును ఎక్కువచేసి చూపుటకై, అంతకుముందున్న చీకటిని కథకులు దట్టముగా పూసిరని తోచును. చరిత్ర చదువు విద్యార్థి కథను, శాసనమును పక్కపక్కన నుంచి తూచుట నేర్చుకొనవలెను.

క్రీ.పూ. 268 ప్రాంతమున ఆతనికి పట్టాభిషేకము జరిగెను. అటు పిమ్మట ఎనిమిది యేండ్లకు కళింగయుద్ధము వచ్చెను. ఆ యుద్ధమునకు కారణమేమియో ఏ శాసనమును తెలుపదు. ఫలమును మాత్రము విజేతయే స్వయముగా లెక్కించి పదుమూడవ శాసనమున వ్రాయించెను. లక్ష యేబదివేలమంది చెరపట్టి తరలింపబడిరి. లక్షమంది రణమున నిహతులైరి. అందుకు అనేక రెట్లు జనము ఇతర విధముల మడిసిరి. విజయశాసనములలో రాజులు శత్రునష్టమును గర్వముతో చెప్పుకొనుట లోకవాడుక. ఈ రాజు మాత్రము దానిని తన అపరాధముగా చెప్పుకొనెను.

ఆ శాసనమున ఇంకొక విశేషము కలదు. తన సేనలవలన బాధపడిన వారెవరని ఆతడు తలచుకొనుచు, అందు బ్రాహ్మణులు కలరని, శ్రమణులు కలరని, ఇతర మార్గములవారు కలరని, తల్లిదండ్రులను గురువులను సేవించు గృహస్థులు కలరని ఒకరొకరినే యెంచెను. కత్తి వేటునకు మతభేదము తెలియదు. తాను గాయపడకున్నను, మిత్రుడో బంధువో గాయపడగా ఆ వేదన ఆతనిని ప్రేమించినవారిని కూడ తాకునని ఆతడు గ్రహించెను. నాడు మరణించిన వారిలో నూరవవంతు, వేయవవంతు మరల నష్టపోయినను తనకది దుస్సహమని తెలుపుకొనెను. అన్ని మార్గముల వారియందును మంచివారున్నారని, వారందరికిని ఒకే విధమైన దుఃఖము కలదని కళింగమున ఆతనికి తెలిసినది. పరమత సహనమునకు ఆతడు వేసిన పునాది శాస్త్రచర్చ కాదు. ఈ దుఃఖపు లెక్క.

యుద్ధము ముగిసిన మరునాడే ఆతడు మహాత్ముడయ్యెనని తలచుట పొరపాటు. లఘుశిలాశాసనములలో ఆతడే తన ఆలస్యమును దాచక ఒప్పుకొనెను. ఉపాసకుడైన పిదప సుమారొక యేడాది తనలో గట్టి పట్టుదల లేదనియు, తరువాత సంఘమును చేరి యత్నము సాగించితిననియు అందలి సారాంశము. పట్టాభిషేకమైన పదవయేట బోధివృక్షమును దర్శించెను. రాజుల విహారయాత్రలు, వేటలు మాని ధర్మయాత్రలు మొదలిడెను. వంటశాలలో ఒకప్పుడు దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండగా, వానిని రెండు నెమళ్ళకును ఒక లేడికిని తగ్గించి, ముందుముందు అవియు చంపబడవని ప్రకటించెను. ఈ తగ్గింపునందు ఒక నిజాయితీ కలదు. మనిషి ఒక్కసారిగా మారడు. మారినంతవరకు చెప్పుకొని, మారవలసినదియు చెప్పుకొనెను.

అభిషేకమైన పండ్రెండవయేట ధర్మలిపులను వ్రాయించుట ఆరంభించెను. ఆ యేటనే జరిగిన మరియొక కార్యము గమనింపదగినది. గయకు ఉత్తరముగా బరాబరు కొండలు కలవు. అచటి గట్టిరాతిని తొలిపించి, లోపలి గోడలను అద్దమువలె నునుపు చేయించి, రెండు గుహలను ఆజీవకులకు దానముచేసెను. ఆ దానశాసనములు నేటికిని అచట నున్నవి.

ఈ దానము విలువ తెలియవలెనన్న ఆజీవకులకును బౌద్ధులకును గల విరోధము తెలియవలెను. ప్రయత్నమే మానవునకు తరణోపాయమని బుద్ధుని బోధ. ప్రయత్నము వ్యర్థమని గోశాలుని బోధ. బౌద్ధగ్రంథములు ఆ కాలపు సిద్ధాంతములన్నింటిలోను గోశాలుని సిద్ధాంతమునే మిక్కిలి హీనమని నిందించినవి. అశోకుడు బుద్ధధర్మసంఘములయందు తన విశ్వాసమును బాహాటముగా ప్రకటించుకొన్న ఉపాసకుడు. ఆజీవకుల సిద్ధాంతము ఆతనికి సమ్మతము కానేరదు. అయినను వానకాలమున వారికి తలదాచుకొను చోటు వలయును గదా! సిద్ధాంతముతో ఏకీభవింపక, సిద్ధాంతికి నీడ కల్పించుట ఆతడు చేసిన పని. తరువాతి కాలమున ఎవ్వరో ఆ శాసనములలో ఆజీవకులను తెలుపు అక్షరములను ఉలితో చెక్కి చెరుప యత్నించిరి. ఒక ఉలి గుహను తొలిచి యిచ్చినది, మరియొక ఉలి పేరును తొలగింప జూచినది. మతద్వేషమునకును మతాదరమునకును గల భేదమును ఆ రాతిగోడయే చూపుచున్నది.

బౌద్ధులు అభ్యసింపవలసిన చిత్తవృత్తులు నాలుగు: మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. ఎల్లరకు సుఖము కోరుట మైత్రి. దుఃఖితుని దుఃఖము తొలగవలెనని తపించుట కరుణ. పరుల మేలు చూచి సంతసించుట ముదిత. ఉపేక్ష యను పదమును నేడు మనము నిర్లక్ష్యమను అర్థమున వాడుచున్నాము. బౌద్ధమున దాని అర్థము వేరు. తనవాడని మొగ్గక, పరాయివాడని తొలగక, త్రాసుముల్లువలె చిత్తమును నడుమ నిలుపుటయే ఉపేక్ష. కరుణ లేని ఉపేక్ష బండతనమగును. ఉపేక్ష లేని కరుణ తనవారికే పరిమితమగును. కళింగము అశోకునకు కరుణను నేర్పినది. ఉపేక్షను ఆతడు రాజ్యపాలనలో నేర్చుకొనవలసివచ్చెను. ఏలయన, ఆ సామ్రాజ్యమున బ్రాహ్మణులు, బౌద్ధులు, నిర్గ్రంథులనబడు జైనులు, ఆజీవకులు, ఇంక పెక్కు మార్గములవారు పక్కపక్కనే యుండి, రాజాదరముకొరకును, జనాదరముకొరకును పోటీపడుచుండిరి.

ఈ పోటీ ద్వేషముగా మారకుండుటకు ఆతడు వ్రాయించినదే పండ్రెండవ శిలాశాసనము. గిర్నారునందును, కాల్సీయందును, వాయవ్యమున షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాలయందును అది కలదు. తెలుగుదేశమున కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలపై పదునాలుగు శాసనములతోపాటు అదియు చెక్కబడినది. దాని భావమిది. రాజు అన్ని మార్గములవారిని, సన్న్యాసులను గృహస్థులను సమముగా గౌరవించును, దానములిచ్చును. కాని దానముకంటెను, సత్కారముకంటెను ఆతడు ముఖ్యముగా నెంచునది ప్రతి మార్గమునందలి సారము వృద్ధిపొందుట. ఆ వృద్ధికి మూలము వాక్కును అదుపులో నుంచుకొనుట. సందర్భము లేక తన మతమును పొగడరాదు, పరమతమును తెగడరాదు. సందర్భము వచ్చినను మితముగా పలుకవలెను. స్వమతభక్తిచేత పరమతమును నిందించువాడు స్వమతమునకే గట్టి హాని చేయుచున్నాడు. కావున కలిసియుండుటయే మేలు. ఒకరి ధర్మమును ఒకరు వినవలెను. విని బహుశ్రుతులు కావలెను.

ఇందు ఉపాధ్యాయులు గుర్తింపదగిన విషయములు రెండు. మొదటిది, మతకలహమునకు మందు వెదకుచు ఆ రాజు ఆయుధశాలకు పోలేదు, నాలుకకడకు పోయెను. దురభిమానము కత్తిగా మారుటకు ముందు మాటగా పుట్టునని ఆతనికి తెలియును. రెండవది, ఆతడు కోరినది కేవల సహనము కాదు, వినుట. ఎదుటివాడు చెప్పునది నచ్చకున్నను ఓర్చుకొనుట సగము పని. ఆతడు చెప్పునదేమియో తెలిసికొనుట మిగిలిన సగము. తెలియని దానిని ద్వేషించుట సులభము. శ్రద్ధతో విన్నదానిని ద్వేషించుట కష్టము. ఇతర మతస్థునిలో మంచిని చూచి సంతసించు ముదితయు, మాటను మితపరచు ఉపేక్షయు ఈ శాసనమున పేరు చెప్పకయే నిలిచియున్నవి.

ఉపదేశము చెక్కించి ఊరకుండలేదు. అభిషేకమైన పదుమూడవయేట ధర్మమహామాత్రులను కొత్త అధికారులను నియమించెను. వారు అన్ని మార్గములవారి మేలు చూడవలెను. కాలక్రమమున ఒక్కొక్క వర్గమునకు విడివిడిగా అధికారుల నేర్పరచి, సంఘమును, బ్రాహ్మణులను, ఆజీవకులను, నిర్గ్రంథులను వారి సంరక్షణలో నుంచినట్లు ఏడవ స్తంభశాసనము తెలుపుచున్నది. ఏ మార్గమువారైనను రాజ్యమున ఎచటనైనను నివసింపవచ్చునని ఏడవ శిలాశాసనము. అందరును కోరునది ఇంద్రియనిగ్రహము, చిత్తశుద్ధియే యని అందు కారణము చెప్పెను. బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించుట, మామిడితోపులు పెంచుట, బావులు త్రవ్వించుట, మనుష్యులకును పశువులకును వైద్యము కల్పించుట మున్నగునవి ఏ మతమునకును చెందని ధర్మములు. మఱ్ఱినీడ బాటసారి మతమడుగదు.

ఇక కళింగము మాట. ఇచ్ఛాపురము దాటి, బరంపురము మీదుగా పోయినచో గంజాం జిల్లాలో ఋషికుల్యానది యొడ్డున జౌగడ కలదు. ఉద్దానపు తీరమునకు మిక్కిలి చేరువనున్న అశోకుని శిలాశాసనము ఇదియే. నాడు ఆ పట్టణము పేరు సమాప. అచటను, భువనేశ్వరము చెంత ధౌళియందును ఒకటినుండి పదివరకును, పదునాలుగవదియు శాసనములు కలవు. నడుమ మూడు లేవు. కళింగయుద్ధమును తెలుపు పదుమూడవ శాసనము కళింగముననే లేదు! మతసామరస్యమును చెప్పు పండ్రెండవదియు లేదు. వానికి బదులు రెండు ప్రత్యేక శాసనములు చెక్కబడినవి. తండ్రిని, కొడుకును పోగొట్టుకొన్న జనుల కన్నులయెదుట ఆ లెక్కను మరల వ్రాయుటకు రాజు మనసొప్పలేదని పండితులు ఊహింతురు.

ఆ ప్రత్యేక శాసనములు ప్రజలకు చేసిన ఉపదేశములు కావు. అధికారులకు చేసిన హెచ్చరికలు. మనుష్యులందరు రాజునకు బిడ్డలతో సమానులు. నిష్కారణముగా ఎవ్వరును చెరసాలపాలు కారాదు, హింసింపబడరాదు. అసూయ, కోపము, కాఠిన్యము, తొందరపాటు, సోమరితనము, అలసట అధికారికి తగవు. ఈ లిపిని తిష్య నక్షత్రదినమున చదివి వినిపించుచుండవలెను. అయిదేండ్ల కొకమారు తనిఖీకై మృదుస్వభావులైన అధికారులు బయలుదేరవలెను. ఓడినవారికి ధర్మము బోధించుటకు ముందు, వారికి న్యాయము జరుగవలెను. గెలిచినవాడు ఓడినవానికి సహనమును బోధించుట ఎబ్బెట్టుగా నుండును. తన యుద్యోగులకే దానిని బోధించుట ఉచితము. అశోకునకు ఈ మర్యాద తెలిసినదనవచ్చును.

అయినను ఆతనిని దోషరహితునిగా చిత్రించుట ఆతనికే సమ్మతము కాదు. పశ్చాత్తాపము చెందినను కళింగమును తిరిగి యీయలేదు. అడవిజాతులతో మెత్తగా పలుకుచునే, తనకు దండించు శక్తి కలదని గుర్తుచేసెను. మరణశిక్షను రద్దుచేయలేదు, శిక్షపడినవారికి మూడుదినముల గడువు మాత్రము ఇచ్చెను. స్త్రీలు చేయు మంగళకార్యములు పెక్కు అల్పములని తొమ్మిదవ శాసనమున పలికి, అవి చేయదగినవే కాని వాని ఫలము కొంచెమని సర్దుకొనెను. బౌద్ధసంఘమును చీల్చు భిక్షువులకు తెల్లబట్టలు కట్టించి వెలుపలికి పంపవలెనని శాసించెను. ఇతరులయెడ మెత్తదనము, తనవారియెడ కఠినత్వము: సామాన్యముగా లోకమున కనబడు తీరునకు ఇది విపరీతము. ఈ కొరతలన్నియు ఆతని శాసనములలోనే మనకు దొరకుచున్నవి.

ఆతనిపై అంతకంటె ఘోరమైన నిందను మోపినది శత్రువులు కాదు, అభిమానులే. అశోకావదానమను బౌద్ధగ్రంథమున ఒక కథ కలదు. పుండ్రవర్ధనమున పరమతస్థుడొకడు, బుద్ధుడు నిర్గ్రంథుని పాదములకు మ్రొక్కుచున్నట్లు చిత్రమును వ్రాసెనట. అది విని రాజు క్రోధముతో ఒక్క దినమున పదునెనిమిదివేల ఆజీవకులను చంపించెనట. పాటలీపుత్రమున అట్టిదే మరల జరుగగా, నిర్గ్రంథుని తల తెచ్చినవానికి బంగారునాణెము నిత్తునని చాటించెనట. అప్పుడు వీతాశోకుడు, రాజు సొంత తమ్ముడు, భిక్షువై జబ్బుపడి, మాసిన బట్టలతో, పెరిగిన గోళ్ళతో, గడ్డముతో ఒక గొల్లవాని యింట ఆ రాత్రి తలదాచుకొనియుండెను. గొల్లవాడు ఆతనిని నిర్గ్రంథుడని భ్రమించి, తల తెగనరికి రాజునకు అర్పించెను. తమ్ముని శిరస్సును గుర్తించిన రాజు కూలిపోయెను. అటు తరువాత ఎవ్వరిని చంపరాదని ఆజ్ఞాపించెనని కథ.

ఇది చరిత్ర యనుటకు ఆధారము లేదు. అశోకునకు కొన్ని శతాబ్దుల పిమ్మట రూపొందిన గ్రంథమది. ఆజీవకులకు గుహలిచ్చినది, నిర్గ్రంథుల సంరక్షణకు అధికారులను నియమించినది ఆతని శాసనములే సాక్ష్యమిచ్చుచున్నవి. ఐనను ఆ కథను అల్లినవారి మనసు పరిశీలింపదగినది. తమ మతమునకు జరిగిన అవమానమునకు ప్రతీకారమును రాజుచేత చేయించి, వారు మొదట తృప్తిపడిరి కాబోలు. కాని కథను అచట నిలుపలేకపోయిరి. పరమతస్థునికై ఎత్తిన కత్తి సొంత యింటి తల తెచ్చి యిచ్చెనని ముగింపవలసివచ్చెను. జబ్బుపడి, చిరుగుబట్టలతో నున్న మనిషి ముఖములో మతమును వెదకువాడు తన తమ్ముని గుర్తింపలేడు. పండ్రెండవ శాసనము సూటిగా చెప్పినదానినే ఈ కథ కన్నీటితో చెప్పినది.

కాలము అశోకుని మాటలకే అపచారము చేసినది. శాసనములలో పాషండమనగా మతశాఖ. తన శాఖకును పరుల శాఖకును ఆతడు గౌరవముతో ఆ యొక్క పదమునే వాడెను. తరువాతి సంస్కృతమునందును, దానివలన తెలుగునందును పాషండుడనగా వేదబాహ్యుడు, ధర్మభ్రష్టుడను తిట్టుపదమైనది. శాసనములలో ఆతని బిరుదము దేవానాంప్రియుడు. వ్యాకరణగ్రంథమైన సిద్ధాంతకౌముదిలో ఆ పదమునకు మూర్ఖుడని అర్థము. తెలుగునాట స్తూపములు శిథిలమై దిబ్బలుకాగా, కొన్నిటికి పిల్లలయెదుట పలుకరాని నీచపు పేర్లు వచ్చినవి. వాక్కును కాపాడుకొనుడని చెప్పినవాని వాక్కులే నిందాపదములుగా మారినవి. పదముల చరిత్రను బోధించు ఉపాధ్యాయుడు ద్వేషము భాషలో ఎట్లు చొచ్చుకొనునో ఈ రెండు పదములతో విద్యార్థులకు చూపవచ్చును.

చివరిదినములలో ఆతనికి దానము చేయుటకు ఏమియు మిగులలేదని అవదానకథ. మంత్రులు కోశము మూయగా, చేతనున్న సగము ఉసిరికాయను సంఘమునకు పంపెనట. అది జరిగినను జరుగకున్నను, క్రీ.పూ. 232 ప్రాంతమున ఆతడు గతించెను. అర్ధశతాబ్ది తిరుగకమునుపే మౌర్యసామ్రాజ్యము అంతరించెను. బ్రాహ్మీలిపిని చదువగలవారు కరువైరి. శిలలు పలుకక నిలిచినవి. 1837 ప్రాంతమున జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పినప్పుడు ప్రియదర్శి మరల పలికెను. ఆ ప్రియదర్శి అశోకుడేయని 1915లో దొరకిన మస్కి శాసనము నిస్సంశయముగా తెలిపినది.

అంతవరకు ఆతని ఆశయము కళింగమున మరుగైపోయెనా? కాలేదు. మౌర్యులు పోయిన పిదప కళింగము స్వతంత్రమై, ఖారవేలుడను ప్రభువు నేలినది. ఆతడు జైనుడు; అశోకుని వంశమునకు బంధువు కాడు, ఆతని మతస్థుడు కాడు; మగధపై దండెత్తిన వీరుడు. భువనేశ్వరము చెంత ఉదయగిరిమీది హాథిగుంఫా శాసనమున తన విజయములను చెప్పుకొనుచు, చివర తనను అన్ని మతశాఖలను పూజించువానిగా, అన్ని దేవాలయములను బాగుచేయించువానిగా వర్ణించుకొనెను. అచట వాడిన పదము కూడ పాషండమే, గౌరవార్థముననే. అశోకుడు కళింగమున చెక్కింపక విడిచిన పండ్రెండవ శాసనపు భావమును, ఓడిన కళింగపు రాజే, పరమతస్థుడే, తన శిలపై నిలిపెను. విజేత యుపదేశింపక విడిచినదానిని విజితులు తామై యెన్నుకొనుటకంటె ధర్మవిజయమేమి కలదు?

నేటి శ్రీకాకుళపు నేలయందును ఆ జాడలు చెదరలేదు. వంశధార యొడ్డున, కళింగపట్టణమునకు చేరువ శాలిహుండము కొండమీద స్తూపములు, చైత్యములు, తారా మారీచుల విగ్రహములు వెలువడినవి. అదే నది యొడ్డున ఎగువను శ్రీముఖలింగేశ్వరుని ఆలయము నిలిచియున్నది. శీతకాలమున తేలినీలాపురపు చెట్లపై గూడబాతులు, కొంగలు వచ్చి వాలును. ఊరివారు వానిని బాధింపక కాపాడుదురు. అయిదవ స్తంభశాసనమున చంపరాని పక్షుల పట్టికను చెక్కించిన రాజు ఆ చెట్లను చూచినచో సంతసించియుండును.

టెక్కలినుండియో పలాసనుండియో విద్యార్థులు విహారయాత్రకై జౌగడకు పోవుట కష్టమైన పనికాదు. అచట శిలపై వారు పదవ శాసనమువరకు లెక్కపెట్టి, వెంటనే పదునాలుగవదానిని చూతురు. నడుమ మూడు శాసనములేవని వారడుగుదురు. ఉపాధ్యాయుడు అప్పుడు కళింగయుద్ధపు లెక్కను చెప్పవచ్చును; ఖారవేలుని కథ చెప్పవచ్చును; పాషండపదమునకు పట్టిన గతిని చెప్పవచ్చును. ఆ తరగతిలో కూర్చుండు బాలురు ఒకే మార్గమునకు చెందినవారు కారు. పక్కవాని పండుగనుగూర్చి, ప్రార్థననుగూర్చి ఎగతాళి లేక అడిగి, తుదివరకు వినుట వారికి అలవడినచో, లేని పండ్రెండవ శాసనము వారిచేత పూరింపబడినట్లే.